రేడియేటర్ ముందు పూలు

మా మామ పోయాడు. ఆ సంగతి మదురై పక్క తిరుమంగళంలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. నాకు ఆయన రెండు వైపుల నుంచీ మామే. అమ్మకు తోడబుట్టిన అన్న, మా ఆయనకు తండ్రి. మా వాళ్లలో మేనరికాలు మామూలు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని, షెడ్డులో తన పాత పడక్కుర్చీలో నడుం వాల్చాడు. కాఫీ వేళకు లేపితే లేవలేదు. అమ్మ ఏడుస్తుందేమోనని ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

"బండి యాడుండాది?" అంది.

"షెడ్డులోనే ఉందిమ్మా."

"సరి. నేను బస్సులో వస్తా" అని పెట్టేసింది.

బయటివాళ్లు వింటే ఏం మనిషమ్మా ఈవిడ అనుకుంటారు. నేను మాత్రం అనుకోలేదు. ఆ బండిని పక్కన పెట్టి మామను తలుచుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. పదహారో రోజు దాకా వచ్చినవాళ్లకు కాఫీలు ఇచ్చి, ఆయన ఎలా పోయాడో చెప్పిందే చెప్పి, నా కాళ్లూ నోరూ రెండూ అలిసిపోయాయి. ఎలా పోయాడని అందరూ అడిగారు. ఆయన ఎలాంటివాడో ఎవరూ అడగలేదు, అది నేనే చెప్పాలి కాబట్టి, ఈ కాస్త తీరికలో కూర్చుని రాస్తున్నాను.

ఆ బండి మా తాత కొన్నది. ఆయన మిల్లు బాగా నడిచిన రోజుల్లో పీలమేడులో మేమున్న ఈ ఇంటికి వచ్చిన ఇంగ్లీషు కారు. గుండ్రటి ముక్కు, ఉబ్బిన దీపాలు, ముందు నిలువు కమ్మీల జాలీ. తరవాత మిల్లు మూతపడింది, చేలు ఇళ్ల స్థలాలయ్యాయి. కారు ఇంటి వెనక గొడ్ల కొట్టంలో చేరింది. నేను కోడలిగా వచ్చేసరికి దాని వెనక సీటులో కోళ్లు పొదిగేవి.

అది చెడిపోయింది మా అమ్మ పెళ్లి రోజున. పెళ్లి పీలమేడులో, అత్తవారిల్లు తిరుమంగళంలో. పెళ్లికూతుర్ని అన్నే తీసుకెళ్లి అత్తగారి గడపలో దించాలి, అది మా ఆచారం. మామకు అప్పుడు మీసాలు సరిగ్గా రాలేదు గాని కారు తోలడం వచ్చు. పొద్దున్నే ఇంటి ఆడవాళ్లందరూ కలిసి బండికి పూలు కట్టారు. మల్లె, కనకాంబరం, మరువం, చేతిమందం బంతిదండలు, మధ్యమధ్య అరటాకులు. జాలీకి అమ్మను కన్న మా అవ్వ ముందే రెండు ఇత్తడి కొక్కేలు వేయించి పెట్టింది, దండలు జారకుండా. ముందు కమ్మీ ఒక్కటీ కనపడకుండా కప్పేశారట. పెళ్లికూతురు ఎక్కిన బండికి కట్టిన పూలు అత్తగారి గడప చేరేదాకా తీయకూడదు.

ఆ జాలీ వెనకే రేడియేటర్ ఉంటుంది. గాలి తగిలితేనే అందులో నీళ్లు చల్లబడతాయి. ముక్కూ నోరూ మూసి ఎండలో పరుగెత్తమంటే మనిషైనా ఎంత దూరం పోతాడు? తారాపురం దాటాక వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయింది. మామ ఆపి నీళ్లు పోశాడు. కాస్త దూరం పోయాక మళ్లీ ఆపి, మళ్లీ పోశాడు. వెనక సీటులో కూర్చున్న మా అమ్మకు ఉడికిన పూల వాసన వచ్చింది.

"అన్నా, పూలు ఉడుకుతుండాయి. తీసెయ్యి" అంది.

మామ దిగి దండ మీద చెయ్యి వేశాడు. ముందు సీటులోంచి మా అవ్వ, "చెయ్యి తియ్యిరా! శుభమా అని పోతుంటే ఏం పని ఇది?" అని అరిచింది. మామ చెయ్యి తీశాడు. ఆ తరవాత ఎంతో దూరం పోలేదు, ఇంజన్ పెద్దగా మూలిగి బిగుసుకుపోయింది. చుట్టూ ఎండిన చేలు తప్ప ఇల్లు లేదు. చివరికి మదురై మార్కెట్టుకు పోతున్న ఉల్లిగడ్డల లారీ ఒకటి ఆగింది. పట్టుచీరతో అమ్మ, పక్కన బాసికం విప్పని మా నాన్న, ఆ లారీలో ఊరు చేరారు. గడపలో హారతి పట్టుకుని నిలబడిన మా నాయనమ్మ, "పుట్టింటోళ్లు ఎర్రగడ్డలతో దించేసిన పిల్ల" అంది.

ఆ మాట ఊరికే పోలేదు. నా చిన్నతనంలో కూడా పండక్కి వంటింట్లో ఎవరో ఒకరు ఉల్లిగడ్డ తరుగుతూ ముసిముసిగా నవ్వేవాళ్లు. అమ్మ మొహం తిప్పుకునేది. ఆ బండిలో మళ్లీ కాలు పెట్టనని లారీ ఎక్కేటప్పుడే అందట. తన నోట వచ్చిన మాట మీదే నిలబడే రకం మా అమ్మ.

మామ ఏళ్ల తరబడి పంపుసెట్లు బాగుచేసే పట్టరై, అంటే చిన్న వర్క్‌షాపు, నడిపాడు. అది కొడుక్కి అప్పజెప్పిన వారమే గొడ్ల కొట్టం ఊడ్చి, కోళ్లను తరిమి, కారు చుట్టూ ఒక షెడ్డు లేపాడు. ఏం చేయబోతున్నాడో ఎవరికీ చెప్పలేదు. మా అత్తకు మాత్రం మొదటి రోజే అర్థమైంది. ఆవిడ పిండివంటల పళ్లెం కనపడక వెతికితే అందులో బోల్టులు కిరసనాయిల్లో నానుతున్నాయి.

"ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా మోటారు వాసన. దీనికన్నా ఈ మనిషి ఇంకో పెండ్లి చేసుకొనుంటే నాకు నిమ్మళం" అనేది అత్త.

"దాన్ని పెట్టేదానికి చోటు యాడుండాది? షెడ్డు నిండిపోయె" అనేవాడు మామ.

నిజం చెప్పాలంటే ఆ బండంటే నాకూ విసుగే. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, "అమ్మణ్ణీ, ఆ లైటు కొంచం పట్టు" అని షెడ్డులోంచి పిలుపు. లైటు పట్టుకుంటే దోమలు. కాస్త పక్కకు జరిగితే, "నీడ పడుతుండాది" అని సణుగుడు. వంట సగంలో ఉందంటే, "అన్నం యాడికీ పోదు, ఈ నట్టు పోతాది" అనేవాడు. ఎన్ని సాయంత్రాలు అలా నిలబడి చెయ్యి పీక్కుపోయిందో. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి ఆ చేతికి ఏం పని చెప్పాలో తెలియడం లేదు.

కానీ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ షెడ్డు పుణ్యమే. మా ఇళ్లలో తెలుగు నోటికే గాని చేతికి రాదు. బడిలో అందరం తమిళమే చదివాం. మామకు వాళ్ల తాత అక్షరాలు నేర్పాడు. ఊడదీసిన ప్రతి సామానునూ ఒక డబ్బాలో వేసి, మీద తెల్ల పెయింటుతో తెలుగులో రాసేవాడు. కంపెనీ పేర్లు కాదు, తనకు తోచిన పేర్లు. 'కుడి కన్ను', 'తలుపు చెవి', 'సద్దు చేసేది', 'ఎందుకో తెలీదు'. డబ్బా అడిగితే అందివ్వాలి కాబట్టి ఒక్కో అక్షరం గుర్తు పెట్టుకుంటూ చదవడం నేర్చుకున్నాను. బిడ్డలకు పాఠాలు చెప్పే వయసులో నాకు 'ఎందుకో తెలీదు' డబ్బా మీద తకారానికి ఎత్వం ఎలా పెట్టాలో దిద్దించాడు. ఆ డబ్బా చివరిదాకా ఖాళీ కాలేదు.

బిగుసుకుపోయిన ఇంజన్‌ను విప్పడానికి ఆయన ఏ సుత్తీ వాడలేదు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో నూనె, కిరసనాయిలు కలిపి పోసేవాడు. రోజూ పొద్దున కాఫీ తాగి వెళ్లి కొంచెం పోయడం, ముందు హ్యాండిల్ తగిలించి మెల్లగా ఒత్తి చూడడం, కదలకపోతే తుడిచి వచ్చేయడం. వానాకాలం పోయింది, చలి పోయింది. లేత్ పట్టరైలో తెలిసినవాళ్లు వచ్చి, నాలుగు దెబ్బలు వేస్తే వస్తుంది గదా అన్నారు.

"బలం పెడితే విరుగుతాది. నాననియ్యాల" అన్నాడు మామ. "తుప్పుకు మన మీద పగ లేదప్పా. మనకే తొందర."

"దేవుడికి దీపం పెట్టేది మరిచిపోతాడు, దీనికి నూనె పోసేది మరవడు" అంది అత్త, వచ్చినవాళ్లకు మజ్జిగ ఇస్తూ.

ఒక పొద్దున నేను తల దువ్వుకుంటుంటే షెడ్డులోంచి కేక వినపడింది. ఏమైందోనని జడ సగంలో వదిలేసి పరుగెత్తాను. మామ హ్యాండిల్ పట్టుకుని వంగి అలాగే ఉన్నాడు, వదిలితే మళ్లీ బిగుసుకుంటుందేమో అన్నట్టు. "కదిలిందమ్మణ్ణీ" అన్నాడు. బొటనవేలంత కదిలింది. చేతులు కూడా కడుక్కోకుండా మా అమ్మకు ఫోన్ కలపమన్నాడు. మా అమ్మకు మనవళ్లు పుట్టినా ఆయనకు పాపే.

"పాపా, ఇంజన్ కదిలింది!"

"పొయ్యి మీద పాలుండాయి అన్నా, మళ్లా చేస్తా" అంది అమ్మ. ఆ రోజు చేయలేదు, ఆ తరవాతా ఆ సంగతి ఎత్తలేదు.

మామ కోరుకుంది ఒక్కటే. చెల్లెల్ని ఆ బండిలో కూర్చోబెట్టి, అదే దారిన, ఎక్కడా ఆగకుండా తిరుమంగళం గడప దాకా తీసుకుపోవాలి. దానికోసమే తలుపులు టింకరింగ్ చేయించాడు, సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టించాడు, గోరంత చోటు కూడా వదలకుండా తుప్పు గీకి రంగు వేయించాడు. రేడియేటర్ మీద మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు, తనే విప్పి, తనే కడిగి, తనే అతికాడు. పాతవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టిన మనిషి, జాలీకి మా అవ్వ వేయించిన ఇత్తడి కొక్కేలు రెండింటినీ రంపంతో కోసి, ఆ మచ్చలు కనపడకుండా ఆకురాయితో అరగదీశాడు. పాత కార్లు కొనే ఒకాయన చూడ్డానికి వచ్చి, అవి కూడా ఉంటే ఎంత అందంగా ఉండేదని బాధపడ్డాడు. మామ నన్ను ఆయనకు ఇంకో కాఫీ తెమ్మన్నాడు.

బండి నడిచింది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఇంజన్ ఆన్ చేసి, ఎండలో దాని పక్కనే స్టూలు వేసుకుని, జ్వరం బిడ్డను చూసినట్టు ముల్లునే చూస్తూ కూర్చునేవాడు. ముల్లు మధ్యలో నిలబడేది. నాకు ఆ బండి తోలడం కూడా ఆయనే నేర్పాడు. "రోడ్డు తానే కనపడతాది. నువ్వు ముల్లును చూస్తా తోలు" అనేవాడు. ప్రపంచంలో ఎవరూ ఇలా నేర్పరు.

ఆ మధ్య ఒకసారి అమ్మ మదురైలో బస్సెక్కి వస్తున్నానంటే, మామ బండి కడిగి, సీటు మీద కొత్త తువ్వాలు పరిచి, నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లాడు. అమ్మ దిగింది. అన్నను చూసింది, బండిని చూసింది. సంచి చంకలో పెట్టుకుని, "మోకాళ్లు నొప్పి అన్నా. ఇది కిందికి ఉండాది, వంగలేను. ఆటోలో వస్తా" అని వెళ్లి ఆటో ఎక్కింది. ఆటో ఎక్కడానికి ఇంకా ఎక్కువే వంగింది. మామ ఇంటిదాకా ఆ ఆటో వెనకే తోలాడు, హారన్ కొట్టకుండా. సిగ్నల్ దగ్గర అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

ఇంటికి వచ్చాక ఇద్దరూ ఏమీ జరగనట్టే పక్కపక్కన కూర్చుని తిన్నారు. మామ ఆమె ఆకులో పెరుగు వేస్తూ, "వెనక వస్తుంటే చూసినావా? ఎట్లుండాది?" అన్నాడు.

"పొగ లేదు" అంది అమ్మ.

ఆ మాట పట్టుకుని నెల రోజులు మురిసిపోయాడు. పాలవాడు వచ్చినా, పేపరువాడు వచ్చినా, "పాప చెప్పింది, పొగ లేదంట" అనేవాడు.

వాళ్లిద్దరి మధ్య నేను తపాలా ఆఫీసు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి అలిసిపోయి ఒకరోజు అమ్మను ఫోన్లో నిలదీశాను. ఒక లారీ ఎక్కినందుకు ఇన్నేళ్లా అని అడిగాను.

"లారీకి నాకేం కోపం? బాగనే ఉండె, గాలి బాగా వచ్చె" అంది. మళ్లీ తనే, "నేను చెప్తిని గదే. పూలు తీసెయ్యమని చెప్తిని. అన్న చెయ్యి దండదాకా వచ్చె, తీసెయ్యలే. నా మాట ఒక మాటగా తోచలే ఎవురికీ" అంది.

అది మామకు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండునేమో అని భయపడుతూనే చెప్పాను. ఆయన గుడ్డతో బానెట్ తుడుస్తున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు.

"నిజమే చెప్పింది. దానికి తెలిసింది, నాకూ తెలిసింది. తెలిసే చెయ్యి తీసుకుంటి" అన్నాడు. "మా అమ్మ మొగం చూస్తి, ముల్లు చూడలే."

ఆ తరవాత అమ్మను ఎక్కమని అడగలేదు. రోజూ తుడిచేవాడు, రోజూ ఒకసారి ఇంజన్ ఆన్ చేసి ఆపేవాడు. నాననియ్యాలన్న మనిషి కదా, కాచుకున్నాడు. ఆయనకే వేళ చాలలేదు.

అమ్మ వచ్చిన రోజు హాల్లో ఆడవాళ్ల మధ్య కూర్చోలేదు. అన్న పాదాలు తాకి, నేరుగా షెడ్డుకు వెళ్లి, ఆయన పడక్కుర్చీ పక్కన కింద కూర్చుంది. పదహారో రోజు దాకా పని లేనప్పుడల్లా అక్కడే. డబ్బాల మీద ఏం రాసి ఉందో చదవమని నన్ను అడిగేది. 'ఎందుకో తెలీదు' చదివితే నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది.

కర్మలన్నీ అయిన మర్నాడు మా ఆయన బస్సు టికెట్ సంగతి ఎత్తాడు. అమ్మ అత్త వైపు తిరిగి, "వదినా, నేను దాంట్లో పోతా" అంది.

అత్త కళ్లు ఒత్తుకుని, "పో తల్లీ. నా పళ్లేలన్నీ దానికే పోసినాడు" అంది.

ఇంట్లోంచి బండి చాలా ఏళ్లకు దూరం పోతోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కర్పూరం తిప్పారు. నేను తాళాలు తీసుకుని వచ్చేసరికి, మా వీధిలో పెద్దావిడ ఒకరు, ఇంకో ఇద్దరూ కలిసి బండి ముందంతా పూలు కట్టేశారు. కొక్కేలు లేవు కాబట్టి దీపాలకు దారం చుట్టి, బంతిదండ మీద మల్లెదండ, జాలీ మొత్తం నిండిపోయింది. వాళ్లకు పాత సంగతి గుర్తు లేదు. అలవాటు, అంతే. మా ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను.

అమ్మ నెమ్మదిగా బండి ముందుకు వెళ్లింది. మోకాళ్లు పట్టుకుని వంగి, దీపానికి చుట్టిన దారం విప్పింది.

"ఏమ్మా, కట్టిన పూలు దారిలో తియ్యకూడదు గదా!" అంది పెద్దావిడ.

"ఇంకా దారి పట్టలేదు గదక్కా" అంది అమ్మ. "దానికి ఊపిరి ఆడనియ్యి."

ఒక్క దండా తెగకుండా అన్నీ విప్పి, చీర కొంగులో పోసుకుని, వంగడానికి తిప్పలు పడుతూ ముందు సీటులో కూర్చుంది. తలుపు వేసుకుని, "తోలు" అంది నాతో.

తోలాను. ఆయన నేర్పినట్టే ముల్లును చూస్తూ తోలాను. తారాపురం దాటింది. ఎండ మాడ్చేస్తోంది. అమ్మ కిటికీలోంచి చేలు చూస్తోంది. ఆ చోటు ఎక్కడో నాకు తెలియదు, ఆమె చెప్పలేదు. ఒకచోట మాత్రం ఒళ్లోని పూలు రెండు చేతులతో ఎత్తి వాసన చూసి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. ముల్లు మధ్యలోనే ఉంది.

తిరుమంగళంలో ఇంటి ముందు ఆపేసరికి మా నాన్న కర్ర పట్టుకుని గడపలోకి వచ్చాడు. పక్కిళ్లవాళ్లూ వచ్చి నిలబడ్డారు. నేను ఇంజన్ ఆపుదామని తాళం మీద చెయ్యి వేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు. కొంచేపు ఉండనీ" అంది.

గడప ముందు ఇంజన్ అలా ఆడుతూనే ఉంది. అమ్మ దిగలేదు. ఒళ్లో పూలు పెట్టుకుని, ఎదురుగా ముల్లు వైపు చూస్తూ కూర్చుంది.